గాదెల మీద నిలబడ్డ రాజ్యం

దక్షిణ అమెరికాలో ఒకప్పుడు రాజ్యమేలిన ఇంకాలు అనగానే అందరికీ కొండ మీది రాతి నగరం మచుపిచ్చు గుర్తొస్తుంది, నాకు మాత్రం వాళ్ల గాదెలు గుర్తొస్తాయి. డబ్బు లేదు, ఇనుము లేదు, బండి చక్రం లేదు, మనం లిపి అనుకునేది కూడా లేదు. అయినా ఇప్పటి కొలంబియా దక్షిణపు అంచు నుంచి చిలీ నడిమి దాకా, ఆండీస్ కొండల పొడవునా, కోటి మంది దాకా ఉంటారని అంచనా వేసే జనాన్ని పోషించి, పని చేయించి, లెక్క రాసిపెట్టుకున్నారు.

ఇదంతా వాళ్లతోనే మొదలవలేదు. వాళ్లకంటే ముందే, సుమారు క్రీ.శ. 600 నుంచి 1000 దాకా, వారీ అనే రాజ్యం ఆ కొండల్లో రోడ్లు వేసింది, మెట్ల పొలాలు కట్టింది, లెక్కలకు ముడులు వేసిన తాళ్లు కూడా వాడింది. ఇంకాలు ఇప్పటి పెరూలోని కుస్కో లోయలో ఒక చిన్న జనం. 1438 ప్రాంతంలో చాంకాలనే పొరుగు జనం మీద పడితే ఎదురు నిలిచి గెలిచిన పచకూతి రాజయ్యాడని వాళ్ల కథనం, అక్కడి నుంచి వందేళ్లు తిరక్కుండానే తవాంతిన్సుయు, అంటే నాలుగు భాగాలు కలిసిన రాజ్యం, తయారైంది.

మరి ఎలా నడిచింది? పన్ను సరుకుగా కాదు, పనిగా కట్టాలి. బంధువర్గమంతా కలిసి భూమి చేసుకునే గుంపును ఐయు అంటారు, ప్రతి ఐయు నుంచీ వంతుల వారీగా మనుషులు వచ్చి రాజ్యం పొలాల్లోనో, రోడ్ల మీదో, సైన్యంలోనో పని చేయాలి, దాన్నే మిత అన్నారు. పనిచేసినన్నాళ్లూ తిండి, మొక్కజొన్న కల్లు రాజ్యానివే. ఇది వెట్టి కాదా అంటే, కాదనడానికి నాకు నోరు రాదు. ఎదురుతిరిగిన ఊళ్లను ఊళ్లుగా పెకలించి దూరప్రాంతాలకు తరలించారు కూడా.

గాదెల అవసరం ఇక్కడే వస్తుంది. అక్కడి బరువులు మోసే జంతువు లామా, అది మోసేది ముప్పై కిలోలకు అటూఇటూ, అందుకే ధాన్యాన్ని దూరం మోయించడం కంటే దారి పొడవునా నిల్వ పెట్టి మనుషుల్నే అక్కడికి నడిపించడం తేలిక. గాలి బాగా తగిలే కొండవాలు చూసి వరసలు వరసలుగా కట్టారు, ఒక్క హువానుకో పంపా అనే ఇంకా పట్టణంలోనే 500 దాకా ఉన్నాయి, మొక్కజొన్నకు ఎక్కువగా గుండ్రటివి, దుంపలకు పొడవాటివి. బంగాళదుంపల్ని రాత్రి మంచుకు గడ్డకట్టనిచ్చి, పగలు కాళ్లతో తొక్కి నీరు పిండి, ఎండబెడితే చూన్యో అవుతుంది, అది ఏళ్ల తరబడి పాడవదు. మన ఇళ్లలో వండుకునే బంగాళదుంప పుట్టిల్లు కూడా ఆ కొండలే.

లెక్కంతా కీపు అనే ముడుల తాడు మీద. ఒక లావుపాటి తాడుకు వేలాడే సన్నటి దారాలు, వాటి మీద ముడులు: కింద ఒకట్లు, పైన పదులు, ఆ పైన వందలు, ముడి లేని ఖాళీ చోటు సున్నా. అచ్చంగా మనం బడిలో నేర్చుకున్న స్థానవిలువే, కాకపోతే చేతివేళ్లతో తడిమి చదివేది.

1532లో స్పెయిన్ దండనాయకుడు పిజారో 168 మందితో కహమార్కా పట్టణంలో ఇంకా రాజు అతవాల్పాను పట్టుకున్నాడు. రాజు పోయినా లెక్కలు ఆగలేదు. హౌహా లోయ పెద్దలు స్పెయిన్ వాళ్ల పక్షాన చేరి, వాళ్ల సైన్యాన్ని తమ గాదెలతోనే మేపారు, ఇచ్చింది ఎంతో, దోచుకుపోయింది ఎంతో దేనికది విడిగా ముడులు వేసుకుంటూ వచ్చారు, 1561లో ఆ తాళ్లే పట్టుకుని లీమాలో స్పానిష్ న్యాయస్థానం ముందు నిలబడి ఒక్కో సరుకే చదివి వినిపించారు.