పొదుపుగా, పచ్చగా పిల్లల్ని పెంచడం: బెంగళూరు తెలుగు ఇళ్ళలో నేను వినే అపోహలు

మారతహళ్లి, కె.ఆర్.పురం, వైట్‌ఫీల్డ్ వైపు అపార్ట్‌మెంట్లలో చెత్త వేరు చేయడం, తడి చెత్తతో ఇంట్లోనే ఎరువు తయారు చేసుకోవడం నేర్పించడం నా పని. ఆ పని మీద తిరుగుతూ, పసిపిల్లలున్న తల్లులతో గుడ్డ డైపర్ల గురించీ, ఇంటి ఖర్చుల గురించీ చాలా మాట్లాడతాను. నాకూ ఇద్దరు పిల్లలు. ఏ ఇంటికి వెళ్ళినా ఇంచుమించు అవే మాటలు వినిపిస్తాయి. కొన్ని భయం కొద్దీ అనేవి, కొన్ని యాడ్‌లు చూసి నమ్మినవి. మళ్ళీ మళ్ళీ ఎదురయ్యేవి ఇవి.

అపోహ: పర్యావరణం గురించి ఆలోచించడం డబ్బున్నవాళ్ళ సరదా. ఆ వస్తువులన్నీ ఖరీదు.

వస్తువులు కొనడంతో మొదలుపెడితే ఖరీదే. వెదురు బ్రష్షులు, స్టీలు స్ట్రాలు, ఆర్గానిక్ కాటన్ పరుపులు, చెక్క బొమ్మల సెట్లు అన్నీ కలిపి ఇప్పుడు ఒక మార్కెట్ అయిపోయింది. ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ డబ్బాలన్నీ గుజరీ (పాత సామాన్ల) అంగడికి వేసేసి గాజు సీసాలు కొంటున్నారు. ఆ డబ్బా తయారైపోయింది, దాని వల్ల జరగాల్సిన నష్టం చాలావరకు జరిగిపోయింది. వేడివి పెట్టకుండా పప్పులు, బటన్లు, పిల్లల క్రేయాన్ల లాంటివి పోసుకుని పగిలిపోయేదాకా వాడటమే మేలు.

గుడ్డ సంచుల సంగతే చూడండి. బ్రిటన్ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ 2011లో ఒక అధ్యయనం ప్రచురించింది. ఒక్కసారి వాడి పారేసే పల్చటి ప్లాస్టిక్ సంచి కంటే గుడ్డ సంచి వల్ల భూమి వేడెక్కడం తగ్గాలంటే, ఆ గుడ్డ సంచిని 131 సార్లు వాడాలని అందులో తేలింది. పత్తి పండించడానికి, నేయడానికి అంత నీరూ కరెంటూ పడతాయి. అంటే పాత ప్యాంటు కత్తిరించి కుట్టించుకున్న రెండు సంచులు పదేళ్ళు వాడే ఇల్లే నయం. తలుపు వెనక ఇరవై కొత్త గుడ్డ సంచులు వేలాడుతుంటే ప్రయోజనం లేదు.

పనిలో పనిగా తాంబూలం సంచుల మాట కూడా చెప్పాలి. పెళ్ళిళ్ళలో, ఓణీల ఫంక్షన్లలో ఇచ్చే రంగురంగుల నాన్-వోవెన్ సంచులు చూడ్డానికి గుడ్డలా ఉంటాయి, కానీ చాలావరకు పాలీప్రొపిలీన్, అంటే ప్లాస్టిక్. అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల చూపించండి. నూలైతే కాగితంలా మండి బూడిదవుతుంది. ఇది కరిగి, నల్లటి పూసలా ముడుచుకుపోతుంది. మీ ఇంట్లో శుభకార్యం ఉంటే సంచి అసలు అవసరమా అని ముందే ఆలోచించండి. పసుపు, కుంకుమ, వక్కాకు, పండు చేతికిస్తే తాంబూలానికి ఏ లోటూ రాదు.

అపోహ: గుడ్డ డైపర్లు ఉతకడానికి అయ్యే నీళ్ళు, కరెంటు లెక్కేస్తే డిస్పోజబుల్ డైపరే నయం.

ఈ వాదనలో కొంత నిజం ఉంది, అందుకే దీన్ని తేలిగ్గా కొట్టేయను. బ్రిటన్‌లోనే 2008లో చేసిన అధ్యయనంలో, రెండున్నరేళ్ళ వాడకానికి డిస్పోజబుల్ డైపర్ల వల్ల సుమారు 550 కిలోల కార్బన్ డయాక్సైడుకి సమానమైన ఉద్గారాలు వస్తే, గుడ్డవాటి వల్ల సుమారు 570 కిలోలు వచ్చాయి. ఈ ఒక్క అంకె పట్టుకుని వాట్సాప్‌లో తిప్పుతుంటారు. అదే అధ్యయనంలోని తర్వాతి మాట ఎవరూ చెప్పరు. మెషీన్ నిండుగా వేసి ఉతికి, బయట తాడు మీద ఆరేసి, రెండో బిడ్డకీ అవే వాడితే గుడ్డ డైపర్ల భారం 40 శాతం తగ్గుతుంది. డ్రయర్‌లో ఆరబెట్టేవాళ్ళకి లెక్క తలకిందులవుతుంది. మనలో డ్రయర్ ఉన్న ఇళ్ళెన్ని? బాల్కనీలో దండెం లేని ఇల్లేది?

డబ్బు లెక్కా చూద్దాం. డైపరు ఒక్కోటి 10 రూపాయలు, రోజుకి ఐదు అనుకుంటే నెలకి 1500, రెండేళ్ళకి 36,000. మంచి రకం గుడ్డ డైపర్లు ఇరవై కొన్నా పదివేల లోపే వస్తాయి, తర్వాతి బిడ్డకీ పనికొస్తాయి. ఇంట్లో ఉన్నంతసేపు పాత నూలు చీరలతో కుట్టిన లంగోటాలు కడితే ఆ ఖర్చూ తగ్గుతుంది. మన అమ్మమ్మలు పసివాళ్ళకి పురిటి స్నానం దాకా కొత్త బట్టలు వేయనిచ్చేవారు కాదు. నాలుగేళ్ళు ఉతికిన గుడ్డలో గంజీ ఉండదు, రంగూ వదలదు. లేత చర్మానికి అంతకంటే ఏం కావాలి?

ఉతకడంలో రెండు జాగ్రత్తలు. ఫ్యాబ్రిక్ కండిషనర్ వేయకండి, గుడ్డ తడి పీల్చడం మానేస్తుంది. సబ్బు తక్కువ వేసి, నురగ పూర్తిగా పోయేదాకా జాడించండి. బోరు నీళ్ళున్న ఇళ్ళలో గుడ్డలు అట్టల్లా బిగుసుకుపోతే, నెలకోసారి వేడినీళ్ళలో నానబెట్టి ఉతికితే కాస్త మెత్తబడతాయి.

అన్నిటికీ గుడ్డే వాడాలని నేను అనను. రాత్రి ప్రయాణాలకి, జ్వరం వచ్చినప్పుడు, నెల్లూరు వెళ్ళే బస్సులో డిస్పోజబుల్ వాడండి, అందులో తప్పేమీ లేదు. కానీ దాన్ని ఎలా పారేస్తున్నారన్నది చాలా పెద్ద విషయం. 2015 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు బెంగళూరులో ప్రతి ఇంట్లో రెండు బుట్టలు, ఒక సంచి ఉండాలని ఆదేశించింది. తడి చెత్తకి పచ్చ బుట్ట, డైపర్లు, ప్యాడ్ల లాంటి వాటికి ఎర్ర బుట్ట, పొడి చెత్తకి సంచి. ఇన్నేళ్ళయినా డైపర్లు అన్నం మెతుకులతో కలిసే బయటికి వస్తున్నాయి.

ఈ ఊళ్ళో వీధులు ఊడ్చే, చెత్త ఎత్తే పౌరకార్మికుల్లో చాలామంది మన తెలుగువాళ్ళే. ఏనాడో ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు, ఎక్కువమంది ఆడవాళ్ళు. నాతో కలిసి పనిచేసే ఒకావిడ ఒక పొద్దున చెత్త కవరు విప్పి, "ఏంది మేడం ఇది, పిల్లోడి మూడు రోజుల డైపర్లన్నీ సాంబారులోనే ఏసినారు" అంది. చేతికి గ్లవ్స్ లేవు. డైపరుని పాత న్యూస్‌పేపర్లో గట్టిగా చుట్టి, పైన ఎర్ర స్కెచ్ పెన్నుతో పెద్ద చుక్క పెట్టి విడిగా ఇవ్వండి. అది చూసి ఆవిడ విప్పకుండానే పక్కన పెడుతుంది. నిమిషం పని, కానీ ఆవిడ చెయ్యి మలంలో పడకుండా ఉంటుంది. నా క్లాసుల్లో అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఇదే.

అపోహ: పిల్లలున్న ఇంట్లో ఆర్వో (నీళ్ళలోని లవణాలు తీసేసే ఫిల్టరు) తప్పనిసరి.

కావేరి నీళ్ళు వస్తున్న ఇంట్లో చాలావరకు అవసరం లేదు. తాగునీటి ప్రమాణాల్లో కరిగిన లవణాలు లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిదంటారు. కావేరి నీళ్ళలో మామూలుగా అంతకంటే బాగా తక్కువే ఉంటాయి. వాటికి కావలసింది వడపోత, క్రిములు చంపడానికి యూవీ లేదా మరగబెట్టడం. ఆర్వో పెడితే చాలా ఇళ్ళలో ఒక లీటరు మంచినీళ్ళకి రెండు, మూడు లీటర్లు సింకులోకి పోతాయి. ఆ నీళ్ళు ఎక్కడివి? సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి, దాదాపు అర కిలోమీటరు ఎత్తుకి పంపులు పెట్టి ఎక్కిస్తే వచ్చినవి. 2024 వేసవిలో తాగునీళ్ళతో కార్లు కడిగితే 5000 రూపాయలు జరిమానా అన్న రోజులు ఇంకా మర్చిపోలేదు కదా.

బోరు, ట్యాంకరు నీళ్ళ మీద నడిచే ఇళ్ళది వేరే సంగతి. అక్కడ లవణాలు ఎక్కువ, నైట్రేట్ కూడా ఉండొచ్చు కాబట్టి పసిపిల్లలున్నప్పుడు ల్యాబులో పరీక్ష చేయించి, అవసరమైతే ఆర్వో పెట్టుకోవాలి. టీడీఎస్ మీటరు కొన్ని వందల్లో వస్తుంది, పది ఇళ్ళకి ఒకటి చాలు. కానీ అది లవణాలనే చూపిస్తుంది, క్రిముల్ని చూపించదు. ఆర్వో ఉన్న ఇంట్లో బయటికి పోయే గొట్టం కింద బకెట్ పెట్టండి. ఆ నీళ్ళు బాత్రూమ్ కడగడానికి, తుడుపుకి బాగా పనికొస్తాయి. మొక్కలకి మాత్రం రోజూ పోయకండి, ఉప్పు పేరుకుంటుంది.

అపోహ: ఇంట్లో ఎరువు చేస్తే కంపు, పురుగులు. పిల్లలకి జబ్బులు.

కంపు వస్తోందంటే తడి ఎక్కువైందని అర్థం. కుండలో కూరగాయ తొక్కులు ఒక దోసెడు వేస్తే, దాని మీద ఎండుటాకుల పొడో, కోకోపీటో (కొబ్బరి పీచు పొడి) అంతకు తగ్గకుండా కప్పాలి. గుప్పిట్లోకి తీసుకుని పిండండి. చేతికి తడి తగలాలి, నీళ్ళు కారకూడదు. కారితే ఇంకాస్త పొడి వేసి కలపండి, రెండు రోజుల్లో వాసన పోతుంది. మొదట్లో ఒక గరిటె పుల్లటి మజ్జిగ చల్లితే త్వరగా అందుకుంటుంది. తెల్లటి లావుపాటి పురుగులు కనిపిస్తే కంగారు పడొద్దు. చాలాసార్లు అవి బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లలు, కుట్టవు, రోగాలు తేవు, పైగా పని త్వరగా చేస్తాయి. మీకు చూడబుద్ధి కాకపోతే పొడి పెంచండి, తగ్గిపోతాయి.

ఈ ఊళ్ళో ఎండుటాకులకి కరువా? రోడ్డు పక్కన కుప్ప పోసి కాలుస్తుంటే ఆపి, ఒక గోతాం నింపి తెచ్చుకోండి. కుండలు కొనాలంటే 2006లో ఇక్కడే మొదలైన డైలీ డంప్ అనే సంస్థ వాళ్ళ 'ఖాంబా' అనే మట్టికుండల దొంతర ఉంది. ఖర్చు వద్దనుకుంటే అడుగున చిల్లులు పెట్టిన పాత పెయింటు బకెట్లు రెండు చాలు. కళ్ళతో చూసి నేర్చుకోవాలంటే హెచ్‌ఎస్‌ఆర్ లేఔట్‌లో స్వచ్ఛాగ్రహ కలికా కేంద్రానికి పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి.

తడి చెత్త మన ఇళ్ళ చెత్తలో సగం కంటే ఎక్కువ. అది ఇంట్లో ఆగితే ఊరి మీద పడదు. బెంగళూరు శివార్లలోని మండూరులో ఏళ్ళ తరబడి ఈ నగరం చెత్త పోస్తే అక్కడి ఊళ్ళవాళ్ళు పోరాడి 2014లో ఆపించుకున్నారు. అక్కడా పిల్లలున్నారు, వాళ్ళూ ఆ గాలే పీల్చారు.

అపోహ: ప్లాస్టిక్ అంతా రీసైకిల్ అవుతుంది. సంచిలో వేసి ఇస్తే సరిపోతుంది.

కడిగి ఆరబెట్టిన పాల కవరుకి గిరాకీ ఉంది. పాలు పులిసిపోయి అంటుకున్న కవరు పక్కనున్న కాగితాల్ని కూడా పాడుచేస్తుంది. ఇంకో చిన్న అలవాటు మార్చుకోండి. కవరు మూల కత్తిరించేటప్పుడు ఆ ముక్క పూర్తిగా ఊడిపోకుండా కొంచెం వదలండి. ఆ మూలలు ఏరడం ఎవరి వల్లా కాదు, అవి కాలువల్లోకి పోతాయి. చిప్స్ ప్యాకెట్లు, బిస్కెట్ రేపర్ల లాంటి మెరిసే పొరలవి సాధారణంగా ఎవరూ కొనరు. మహా అయితే సిమెంటు ఫ్యాక్టరీల బట్టీల్లో మండటానికి పోతాయి. 'బయోడిగ్రేడబుల్' అని రాసున్న కవర్లు చాలావరకు మీ ఎరువు కుండలో కరగవు, కరిగే రకాలకి కూడా సాధారణంగా పెద్ద ప్లాంట్లలో ఉండే వేడి కావాలి. పిల్లల స్నాక్స్‌కి స్టీలు డబ్బా పట్టుకెళ్ళి వీధి చివర అంగడిలో చక్కిలాలు, వేరుశనగలు తూకానికి కొంటే ప్యాకెట్ల బెడద ఉండదు, డబ్బూ కలిసొస్తుంది.

అపోహ: ఛార్జర్లు ప్లగ్గు నుంచి తీసేస్తే కరెంటు బిల్లు తగ్గుతుంది.

తీయండి, మంచిదే. కానీ ఊరికే ఉన్న ఛార్జరు నెలంతా కలిపి పావు యూనిట్ కూడా తినదు. 2000 వాట్ల గీజరు పావుగంట నడిస్తే అర యూనిట్. పిల్లలకి బకెట్ స్నానం అలవాటు చేయండి.

అపోహ: ఆరోగ్యంగా పెట్టాలంటే సూపర్‌మార్కెట్ ఆర్గానిక్ కొనాల్సిందే.

కాలంలో కాసింది కొనండి. డిసెంబరు, జనవరిలో బెంగళూరంతా అవరెకాయి. చిత్తూరు, అనంతపురం వాళ్ళకి అవి అనపకాయలే, పితికిన పప్పు కూర చేయడం ఎవరూ నేర్పక్కర్లేదు. హాప్‌కామ్స్ (రైతుల సహకార సంఘం) అంగళ్ళలో, సంతల్లో మామూలుగా ధర అందుబాటులోనే ఉంటుంది. ఇక రాగులు ఈ నేల పంట, వరి కంటే చాలా తక్కువ నీళ్ళతో పండుతాయి, వంద గ్రాములకి 300 మిల్లీగ్రాములకి పైగా కాల్షియం ఇస్తాయి. ఏ డబ్బా పొడీ అక్కర్లేకుండా మొలకెత్తించిన రాగులతో జావ కాచుకోవచ్చు.

అపోహ: ఒక్క ఇంటివల్ల ఏమవుతుంది?

ఒక్క ఇంటివల్ల నిజంగానే తక్కువే అవుతుంది. అందుకే నేను అపార్ట్‌మెంట్ కమిటీల వెంట పడతాను. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లోనే 5000 చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీలు తడి చెత్తని వీలైనంత వరకు లోపలే శుద్ధి చేసుకోవాలని పెట్టారు. మీ అపార్ట్‌మెంట్‌లో అది జరుగుతోందా? తర్వాతి జనరల్ బాడీ మీటింగ్‌లో అడగండి. ఆర్వో వృథా నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో, చెత్త ఎత్తేవాళ్ళకి గ్లవ్స్ ఎవరిస్తున్నారో కూడా అడగండి. పుట్టినరోజులకి డిస్పోజబుల్ ప్లేట్ల బదులు అందరూ వంతులేసుకుని యాభై స్టీలు కంచాలు, గ్లాసులు కొని క్లబ్‌హౌస్‌లో పెట్టమనండి. యాభై ఇళ్ళుంటే ఇంటికి ఒక కంచం, ఒక గ్లాసు పడతాయి.