తలుపు వెనక చీపురు

చిన్నూ, అమ్ములూ,

తాతయ్య ఆశీస్సులు. మొన్న మే నెలలో లాంగ్ వీకెండ్‌కి మనమంతా కారులో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఉన్న నావూ అనే ఊరు వెళ్ళాం కదా. మిస్సిసిపీ ఒడ్డున పార్లీ వీధి చివర అమ్ములు అడిగింది, "ఇంత మంచి ఇటుక ఇళ్ళు కట్టుకుని ఎందుకు వదిలేశారు తాతయ్యా?" అని. అప్పుడు సరిగా చెప్పలేకపోయాను.

ముందు నారు సంగతి చెబుతాను. చిన్నప్పుడు మా నాన్న నన్ను తెల్లవారకముందే నారుమడిలోకి దింపేవాడు. నారు పీకి, వేళ్ళ మట్టి నీళ్ళలో జాడించి, గుప్పెడేసి కట్టలు కట్టాలి. గట్టు మీద తలలు వాల్చిన ఆ కట్టల్ని చూస్తే ప్రాణం ఉసూరుమనేది. నాటాక కూడా నాలుగైదు రోజులు పసుపుగానే ఉండేది. ఓ పొద్దున చూస్తే మడంతా నిక్కి నిలబడేది. "వేరు పట్టిందిరా" అనేవాడు నాన్న.

ఆ ఇళ్ళు కట్టింది మోర్మన్లు, క్రైస్తవంలోంచి పుట్టిన ఒక కొత్త మతం వాళ్ళు. వాళ్ళు 1839లో వచ్చేసరికి నావూ బురద నేల. కాలవలు తవ్వి ఆరబెట్టి, ఆరేడేళ్ళలో పది వేలు దాటిన ఊరు చేశారు. అందరూ ఒకే మాట మీద ఓటేసేవారు, సొంత సైన్యం కూడా ఉండేది. చుట్టుపక్కల వాళ్ళకు భయం పుట్టింది, భయం కోపమైంది. 1844 జూన్ 27న వాళ్ళ ప్రవక్త జోసెఫ్ స్మిత్‌నీ, అన్న హైరమ్‌నీ దగ్గర్లోని కార్తేజ్ ఊరి జైల్లోనే ఒక గుంపు కాల్చి చంపింది. మనకు నచ్చని మాట చెప్పేవాడికి కూడా ఊళ్ళో చోటుండాలి పిల్లలూ.

ఇక అక్కడ ఉండలేక ఊరు వదిలారు. 1846 ఫిబ్రవరి 4న మొదటి బళ్ళు నది దాటాయి. మరికొన్నాళ్ళకు నది గడ్డకట్టి, మంచు మీదే నడిచి దాటారు. బాత్‌షీబా స్మిత్ అనే ఆవిడ బయల్దేరేముందు గదులు సర్ది, నేల ఊడ్చి, చీపురును ఎప్పటిలాగే తలుపు వెనక పెట్టి వెళ్ళింది. అది చదివినప్పటి నుంచీ నాకు మా అమ్మమ్మే కళ్ళముందు. నాగార్జునసాగర్ నీళ్ళలో వాళ్ళ ఊరు మునిగేముందు ఆవిడ ఇల్లంతా అలికి, గడపకు పసుపు రాసింది. "మునిగిపోయే ఇంటికి ఎందుకమ్మా ఇదంతా" అని మామయ్య కోప్పడ్డాడు. ఆవిడ తల ఎత్తలేదు. బొట్లు కూడా పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి బండెక్కింది.

ఇక నావూ వదిలిన వాళ్ళలో మొదటి జట్టు 1847 జూలైలో, దాదాపు 2,100 కిలోమీటర్ల అవతల, ఇప్పటి యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ లోయ చేరింది. నేల ఎంత గట్టిదంటే నాగళ్ళు విరిగాయి. వాగుకు అడ్డకట్ట వేసి, నీళ్ళు మళ్ళించి, నేల నానాక దున్ని బంగాళాదుంపలు నాటారు. దమ్ము చేయందే నారు నిలవదని మన రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు కదా, అలాగే వాళ్ళకూ తెలిసింది. దారిలో వాడిపోయిన నారు కూడా చాలా ఉంది. 1856లో చేతిబళ్ళు లాక్కుంటూ ఆలస్యంగా బయల్దేరిన రెండు జట్లలో 200 మందికి పైగా మంచులో చనిపోయారు.

ఒకటి మాత్రం చెప్పాలి. ఆ మడి ఖాళీది కాదు. యూట్లు, షోషోనీలు అనే అమెరికా ఆదివాసులు అప్పటికే అక్కడ బతుకుతున్నారు. వాళ్ళ కష్టానికి నా నారు పోలిక సరిపోదు, దానికి వేరే ఉత్తరం రాస్తాను.

మీ అమ్మ కిటికీ దగ్గర ప్లాస్టిక్ కప్పుల్లో మిరప మొక్కలు పెంచుతోందిగా. ఒకదాన్ని సాయంత్రం పూట పెరట్లోకి మార్చండి. రోజూ పొద్దున్నే ఆకులు చూడండి. ఏ రోజు తలెత్తిందో నాకు ఫోన్ చేసి చెప్పండి.

మీ తాతయ్య