స్లైడింగ్ పజిల్‌తో లెవెల్ కడుతున్నారా? అపోహలు - వాస్తవాలు

వీడియో గేమ్‌లో తాము సొంతంగా కట్టిన లెవెల్ ఒకసారి ఆడి చూడమని నాకు చాలామంది పంపుతుంటారు. అందులో పలకలు జరిపే పజిల్ (ఒక్క ఖాళీ గడిలోకి పలకల్ని జరుపుతూ అంకెల్ని వరసలో సర్దాలి) ఉందంటే, ఆట మొదలుపెట్టకముందే నేను అడిగే ప్రశ్న ఒకటుంది: షఫుల్ ఎలా చేశావు? "రాండమ్‌గానే" అని జవాబొస్తే ఆ లెవెల్‌ని అక్కడే ఆపేస్తాను. ఈ మాట చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది కాబట్టి ఈసారి రాసి పెడుతున్నాను.

అపోహ: పలకల్ని ఎలా కలిపేసినా ఫరవాలేదు, తెలివైనవాడు ఎలాగోలా సర్దేస్తాడు

సర్దలేడు. 3×3 పజిల్‌లో ఖాళీ గడితో కలిపి మొత్తం 3,62,880 అమరికలు ఉంటాయి. వాటిలో 1,81,440 మాత్రమే పరిష్కారం అయ్యేవి. మిగతా సగం జీవితాంతం జరిపినా కావు. 4×4లోనూ అంతే, సరిగ్గా సగం. అంటే మీ లెవెల్ తెరిచిన ప్రతి ఇద్దరిలో ఒకరిని మీరు తలుపు లేని గదిలో పెట్టి తాళం వేస్తున్నట్టే.

ఎందుకో చూడండి. పలకల మీది అంకెల్ని పై వరస నుంచి కింది వరస దాకా చదువుకుంటూ రండి, ఖాళీ గడిని వదిలేయండి. పెద్ద అంకె ముందొచ్చి చిన్న అంకె తర్వాత వచ్చిన జంటలు ఎన్నో లెక్కపెట్టండి. 3×3లో పలకను పక్కకి జరిపితే చదివే వరస మారదు. పైకో కిందికో జరిపితే ఆ పలక సరిగ్గా రెండు పలకల్ని దాటుతుంది. కాబట్టి జంటల లెక్క 2 పెరుగుతుంది, లేదా 2 తగ్గుతుంది, లేదా ఉన్నట్టే ఉంటుంది. బేసిగా మొదలైంది చచ్చినా సరి కాదు. అన్నీ సర్దిన బోర్డులో ఆ లెక్క 0, అంటే సరి. ఇప్పుడు 1 2 3, 4 5 6, 8 7 ఖాళీ అన్న అమరిక చూడండి. తప్పు జంట ఒక్కటే. ఒక్కటి బేసి. అయిపోయింది, ఆ బోర్డుకి మోక్షం లేదు.

ఇదేమీ కొత్తగా కనిపెట్టింది కాదు. 15 పలకల పజిల్ పిచ్చి 1880లో అమెరికానంతా ఊపేసింది. ఆ రోజుల్లోనే జాన్సన్, స్టోరీ అనే ఇద్దరు ఒక గణిత పత్రికలో ఈ సగం సంగతి నిరూపించేశారు. తర్వాతి కాలంలో శామ్ లాయిడ్ అనే పజిల్స్ ఆయన ఆ పజిల్ తనదేనని చెప్పుకుని (తనది కాదు, నోయిస్ చాప్‌మన్ అనే పోస్ట్‌మాస్టర్‌ది), 14, 15 మాత్రమే తారుమారైన బోర్డు సర్దినవాళ్లకు 1,000 డాలర్లు ప్రకటించాడు. ఆ డబ్బు ఎవరికీ ఇవ్వాల్సిన పని రాదని ఆయనకి బాగా తెలుసు. "చివరి రెండూ తారుమారైతే ఒక సీక్రెట్ ట్రిక్ ఉంది" అని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. లేదండీ. పలక పీకి పెట్టడమే ట్రిక్.

దీనికి మూల్యం చెల్లించేది లెవెల్ కట్టినవాడు కాదు, ఆడేవాళ్లు. నాకు తెలిసిన ఒక కుర్రాడు రాతి పలకలు సర్దితే గుహ తలుపు తెరుచుకునేలా చక్కటి లెవెల్ కట్టాడు. దీపాల వెలుగు, పలక జరిగినప్పుడు రాయి రాసుకున్న చప్పుడు, అన్నీ బాగా కుదిరాయి. వాళ్ల అక్క రాత్రంతా దాంతో కుస్తీ పట్టి, పొద్దున్నే నాకు స్క్రీన్ ఫోటో పంపింది. ఆరు పలకలు సరిగ్గా ఉన్నాయి, కింద 8, 7. "చిన్నప్పటి నుంచీ నాకు లెక్కలంటే భయమే అన్నా, నా వల్ల కాదులే" అంది. నిజానికి ఆ బోర్డుని అంతకంటే ముందుకి ఎవరూ తీసుకెళ్లలేరు, ఆమె చివరి దాకా వెళ్లింది. ఆ సంగతి చెప్తే నమ్మడానికి చాలాసేపు పట్టింది. తమ్ముడి మీద కోపం మాత్రం వెంటనే వచ్చింది.

మందు చాలా తేలిక. సర్దిన బోర్డుతో మొదలుపెట్టి, ఆటగాడు చేయగలిగిన కదలికలతోనే షఫుల్ చేయండి. వెళ్లిన దారి ఉంది కాబట్టి తిరిగొచ్చే దారి కూడా ఉంటుంది. వెంటనే ముందు కదలికని వెనక్కి తిప్పకుండా ఒక షరతు పెట్టండి, లేకపోతే ఖాళీ గడి ఒకే చోట ఊగుతూ ఉంటుంది. రాండమ్‌గానే పరుస్తానంటారా, సరే. ఖాళీ గడిని చివరి మూలలో ఉంచి, తప్పు జంటలు లెక్కపెట్టి, బేసి వస్తే ఏవైనా రెండు పలకల్ని మార్చేయండి. 4×4కి కూడా ఇది చాలు. ఆటగాడు పలకని తోయగలడే కానీ లాగలేడు అనుకోండి, అప్పుడు మాత్రం మీరు షఫుల్‌ని లాగుతూ చేయాలి. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు.

అపోహ: గళ్లు తగ్గిస్తే ఆ ప్రమాదం తగ్గుతుంది

ఒక బటన్ నొక్కితే దానితో పాటు నాలుగు పక్కల దీపాలూ మారే పజిల్ ఉంది కదా, అన్నీ ఆర్పాలి. 5×5లో రాండమ్‌గా వెలిగిస్తే నాలుగింట ఒక వంతే పరిష్కారం అవుతాయి. భయపడి 4×4కి దిగితే పదహారింట ఒక వంతు! 3×3లో, 6×6లో మాత్రం అన్నీ అవుతాయి. అందుకే ఇక్కడ కూడా అదే మంత్రం: అన్నీ ఆర్పిన బోర్డు మీద మీరే బటన్లు నొక్కి వదిలేయండి.

అపోహ: పరిష్కారం లేని క్లాసిక్ పజిల్ లెవెల్‌కి పనికిరాదు

కోనిగ్స్‌బెర్గ్ వంతెనలు పనికొస్తాయి. ఆ నగరాన్ని నది నాలుగు నేలలుగా విడగొట్టింది: ఉత్తర ఒడ్డు, దక్షిణ ఒడ్డు, నడిమి దీవి, తూర్పు నేల. ఏడు వంతెనల్నీ ఒక్కొక్కటి ఒక్కసారే దాటడం కుదరదని ఆయిలర్ అనే గణిత శాస్త్రవేత్త 1735లో తేల్చాడు. నడిమి దీవికి 5 వంతెనలు, మిగతా మూడింటికీ మూడేసి, అన్నీ బేసే. బేసి నేలలు రెండుకి మించకూడదు. ఉత్తర ఒడ్డుకీ దక్షిణ ఒడ్డుకీ మధ్య ఎనిమిదో వంతెన ఒకటి వేయండి, ఆ రెండూ సరి అయిపోతాయి, దారి దొరుకుతుంది. కానీ ఆటగాడు దీవిలోనో తూర్పు నేల మీదో మొదలవ్వాలి. స్పాన్ పాయింట్‌ని (ఆటగాడు మొదలయ్యే చోటుని) ఉత్తర ఒడ్డున పెట్టారా, అదే మ్యాప్ మళ్లీ అసాధ్యం. దాటిన వంతెన కూలిపోయేలా చేస్తే చూడ్డానికి బాగుంటుంది. నీళ్లలో దిగినవాడిని మాత్రం మొదటికి పంపేయండి, లేకపోతే మొదట ఆడినవాడే ఈదుకుంటూ వెళ్లిపోతాడు. రీసెట్ మీట నాలుగు నేలల మీదా ఉండాలి, ఎందుకంటే ఎక్కడ ఇరుక్కుంటాడో మీకు తెలియదు.

అపోహ: హనోయ్ టవర్‌లో బిళ్లలు పెంచితే కష్టం పెరుగుతుంది

మూడు కర్రల మధ్య బిళ్లల్ని ఒక్కొక్కటిగా మారుస్తూ, చిన్నదాని మీద పెద్దది పెట్టకుండా, దొంతరనంతా ఇంకో కర్రకి చేర్చే పజిల్ ఇది. బిళ్లలు పెంచితే విసుగు పెరుగుతుంది. 4 బిళ్లలకి 15 ఎత్తులు (కదలికలు), 7 బిళ్లలకి 127. ఒక్కో ఎత్తుకి 4 సెకన్ల యానిమేషన్ పెట్టారంటే తప్పు చేయనివాడికి కూడా ఎనిమిది నిమిషాలు దాటుతుంది. నాలుగుతో ఆపండి.

అపోహ: మూడు తలుపుల పజిల్‌లో తలుపు మార్చినా మార్చకున్నా ఒకటే

మూడు తలుపుల్లో ఒకదాని వెనక బహుమతి ఉంటుంది. ఆటగాడు ఒకటి ఎంచుకున్నాక, మిగతా రెండింట్లో ఒక ఖాళీ తలుపు తెరిచి చూపించి, మార్చుకుంటావా అని అడుగుతారు. మారిస్తే మూడింట రెండు సార్లు గెలుపు. అయితే బహుమతి ఎక్కడుందో చూసుకుని ఖాళీ తలుపునే తెరిచేలా స్క్రిప్ట్ రాయాలి. ఏదో ఒకటి తెరిచేలా రాస్తే, ఖాళీది తెరుచుకున్న ఆటల్లో నిజంగానే సగం సగం అవుతుంది. ఒక్కసారి ఆడిస్తే ఎవరికీ ఏమీ తెలియదు, వరసగా ఆడించండి.

అపోహ: నేను ఆడి గెలిచాను, కాబట్టి లెవెల్ ఓకే

మీరు గెలిచింది ఆ ఒక్క అమరికని. లెవెల్ లోడ్ అయిన ప్రతిసారీ కొత్త షఫుల్ వస్తుంటే మీ గెలుపు దేనికీ రుజువు కాదు. 3×3కైతే సర్దిన బోర్డు నుంచి వెనక్కి వెళ్తూ చేరగలిగిన 1,81,440 అమరికలనూ కంప్యూటర్ చిటికెలో రాసిచ్చేస్తుంది. ఆ పట్టికలోంచే లెవెల్ ఎంచుకోండి. ఒక్కోదానికీ కనీసం ఎన్ని ఎత్తులు కావాలో కూడా అందులోనే వస్తుంది. అత్యధికం 31. మొదటి గదికి పది లోపువి తీసుకోండి.