చిలక్కొయ్యకు వేలాడే డెబ్బై అయిదు కిలోలు

పోయిన నెల కాకినాడ నుంచి ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. వాళ్ల మేనమామ 1970లలో కొన్న క్లాసికల్ గిటార్ అటక మీద దొరికిందట. దాని నైలాన్ తీగలు పాడైపోయి ఉంటే ఒక దుకాణంలో ఇచ్చారు. నైలాన్ సౌండు డల్‌గా ఉంటుందని చెప్పి వాళ్లు స్టీలు తీగలు వేసిచ్చారు. మొదటి నెల గిటార్ గంటలా మోగింది. నాలుగో నెల వచ్చేసరికి తీగలు నెక్ (గిటార్ మెడ) మీద నుంచి ఎంత ఎత్తుకు లేచాయంటే, వేలితో నొక్కడమే కష్టమైపోయింది. తీగల చివరలు కట్టే బ్రిడ్జ్ అనే చెక్కముక్క వెనక పైచెక్క పొట్టలా ఉబ్బింది. ఆయన అడిగిన ప్రశ్న ఇది: "స్టీలు తీగ నైలాన్ తీగలో సగం లావు కూడా లేదు కదండీ, అంత సన్నటి తీగ చెక్కను ఎలా వంచింది?"

ఈ ప్రశ్న చదివిన రోజు నాకు వేరే పని మీదికి మనసు పోలేదు. ఆయన చూసింది నిజమే. మామూలు నైలాన్ సెట్లో మొదటి తీగ 0.71 మిల్లీమీటర్లు ఉంటుంది, స్టీలు లైట్ సెట్లో 0.30. సన్నటి తీగే ఎక్కువ బలంతో లాగుతోంది. ఎందుకో చూద్దాం.

గిటార్ మొదటి తీగ సెకనుకు దాదాపు 330 సార్లు కంపించాలి. తీగ పొడవు 65 సెంటీమీటర్లు. ఒక్కో కంపనానికి తీగ మీది అల ఈ చివర నుంచి ఆ చివరికి పోయి తిరిగి రావాలి, అంటే 1.3 మీటర్ల ప్రయాణం. దాన్ని 330తో గుణిస్తే సెకనుకు 430 మీటర్లు వస్తుంది. గాలిలో శబ్దం వేగం 340 మీటర్లే. మనం మెల్లగా మీటిన తీగ మీద అల శబ్దం కన్నా వేగంగా పరిగెడుతుందన్నమాట! దీన్ని ఎన్నిసార్లు లెక్కేసి చూసుకున్నా నాకు ఆశ్చర్యం తగ్గదు.

ఆ వేగాన్ని వర్గం చేసి పదార్థం సాంద్రతతో గుణిస్తే, తీగ అడ్డుకోతలో ఒక్కో చదరపు మిల్లీమీటరు ఎంత బిగువు మొయ్యాలో తెలుస్తుంది. ఈ లెక్కలో తీగ లావు ఎక్కడా రాదు. నైలాన్‌కు చదరపు మిల్లీమీటరుకు సుమారు 20 కిలోలు, స్టీలుకు దాదాపు 147 కిలోలు. స్టీలు నైలాన్ కన్నా ఏడు రెట్లు బరువైన పదార్థం. అందుకే అదే స్వరం పలకడానికి ఏడు రెట్లు బిగువు కావాలి. సన్నగా ఉండటం వల్ల ఆ ఏడు రెట్లలో చాలా భాగం తగ్గిపోతుంది కానీ మొత్తం పోదు. నైలాన్ మొదటి తీగ లాగేది ఏడెనిమిది కిలోలు, స్టీలుది పదిన్నర పైన. మూడు, నాలుగు తీగల దగ్గర తేడా ఇంకా పెద్దది, దాదాపు రెట్టింపు. ఆరు తీగలూ కలిపితే నైలాన్ సెట్ 40 కిలోలు, స్టీలు లైట్ సెట్ 75 కిలోల దగ్గర తేలతాయి.

మన పిల్లలు ఇంటర్లో సోనోమీటర్ పాఠం చదువుతారు. ఫ్రాన్స్‌లో మెర్సెన్ 1636లో చెప్పిన తీగల సూత్రాలే అవి. పౌనఃపున్యం తన్యత వర్గమూలానికి అనులోమానుపాతం అని బట్టీ పట్టి, నాలుగు మార్కులు తెచ్చుకుని మర్చిపోతారు. ఒక్కసారి తీగకు పది కిలోల బరువు కట్టి పిల్లవాడి చేతికి ఇచ్చి "ఇలాంటివి ఆరు, రాత్రీ పగలూ ఒక చెక్కపేటికను లాగుతుంటాయి" అని చెప్తే ఆ సూత్రం జన్మలో మర్చిపోడు. పరికరం గదిలోనే ఉంటుంది, దాన్ని తీసి చూపించే తీరిక పాఠానికి ఉండదు. ఇది నాకు చాలా బాధగా అనిపిస్తుంది.

తీగ తెగితే అపశకునం అనే నమ్మకం కూడా ఇక్కడే విడిపోతుంది. కచేరీ మధ్యలో తీగ తెగితే ముఖాలు వాడిపోవడం నేను చూశాను. చదరపు మిల్లీమీటరుకు 147 కిలోలు మోస్తున్న ఉక్కు అది. సన్నటి ఉక్కు తీగ 250 కిలోల పైన తట్టుకోగలదు గానీ, బిరడ దగ్గర వంపులోనో, గరుకుగా ఉన్న గాడిలోనో చిన్న గీత పడితే చాలు, బిగువంతా ఆ గీత దగ్గర పోగవుతుంది. చెడు జరగబోతోందని కాదు, గాడిని నున్నగా చేయాలని ఆ తీగ చెబుతోంది.

ఇప్పుడు అసలు విషయం. 75 కిలోలు లాగితే చెక్క సాగిపోవాలి గానీ, ఉబ్బడం దేనికి?

గిటార్‌ను తలకిందులుగా పట్టుకుని గోడకు ఆనించారనుకోండి. ఇప్పుడు పైచెక్కే గోడ. బ్రిడ్జ్ ఆ గోడకున్న చిలక్కొయ్య. తీగలు ఆ చిలక్కొయ్యకు తగిలించి కిందికి వేలాడదీసిన బరువు. పాత ఇళ్లలో చిలక్కొయ్య ఎలా వదులయ్యేదో గుర్తుంటే మిగతాదంతా అర్థమైనట్టే. బరువు కొయ్య మొదట్లో పడితే అది నిశ్చింతగా ఉంటుంది. కొసన పడితే కొయ్య తిరగబడాలని చూస్తుంది. పైఅంచు దగ్గర గోడ పెచ్చు లేస్తుంది, కిందిఅంచు గోడలోకి నొక్కుకుంటుంది. గిటార్‌లోనూ సరిగ్గా ఇదే జరుగుతుంది. తీగ బ్రిడ్జ్‌ను తాకే చోటు పైచెక్కకు దాదాపు 11 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటుంది. బ్రిడ్జ్ వెనక చెక్క పైకి ఉబ్బుతుంది, ముందువైపు, అంటే గుండ్రటి రంధ్రం వైపు, లోపలికి కుంగుతుంది. ఆ పాఠకుడు పొట్టను చూశారు గానీ ముందున్న గుంటను గమనించి ఉండరు. స్కేలు ఆనించి చూస్తే రెండూ కనిపిస్తాయి.

75 కిలోలను 1.1 సెంటీమీటర్లతో గుణిస్తే 82 వస్తుంది. అంటే గోడ నుంచి పది సెంటీమీటర్లు బయటికి పొడుచుకొచ్చిన కొయ్య కొసన ఎనిమిది కిలోల బియ్యం సంచి తగిలించినట్టు. గోడ ఇటుకది కాదు, రెండు మిల్లీమీటర్ల చిల్లర మందం ఉన్న స్ప్రూస్ పలక. కొయ్యను గోడలోకి దిగ్గొట్టలేదు, జిగురుతో అంటించారు. క్లాసికల్ గిటార్ బ్రిడ్జ్ నిలబడేది జిగురు మీదే, తీగల ముడులన్నీ దాని పైనే ఉంటాయి. స్టీలు గిటార్ చేసేవాళ్లు ఈ కొయ్యను వేరే రకంగా బిగిస్తారు. తీగ చివర చిన్న ఇత్తడి గుండు ఉంటుంది. ఆ చివరను పలకకున్న రంధ్రంలోంచి లోపలికి దించి, కింద అంటించిన గట్టి చెక్కకు ఆనిస్తారు. గోడ అవతలి నుంచి బోల్టు బిగించినట్టే ఇది.

పలక మందం సంగతీ చెప్పాలి. పలక గట్టిదనం మందం ఘనంతో పెరుగుతుంది. 2.2 మిల్లీమీటర్ల పలక బదులు 2.8 పెడితే, పెరిగింది అర మిల్లీమీటరు పైచిలుకే అయినా గట్టిదనం రెట్టింపవుతుంది. బిగువు రెట్టింపు కాబట్టి స్టీలు గిటార్‌కు కావలసింది దాదాపు అదే! చేతివేళ్లతో తడిమి పలకను తోపడ పట్టినవాళ్లు ఈ ఘనమూలం లెక్కకు అనుభవంతోనే చేరుకున్నారు.

పలక లోపల అంటించే బద్దల అమరిక కూడా వేరు. స్పెయిన్‌లో అల్మేరియాకు చెందిన ఆంటోనియో దె టోర్రెస్ 19వ శతాబ్దంలో విసనకర్ర పుల్లల్లా విచ్చుకునే సన్నటి బద్దల పద్ధతిని స్థిరపరిచాడు. గిటార్ ప్రాణం పైపలకలోనే ఉందని చూపించడానికి 1862లో పక్కలూ వెనకభాగమూ కాగితపు గుజ్జుతో చేసి ఒక గిటార్ తయారుచేశాడు. జంతువుల పేగుతో చేసిన తీగలకు సరిపోయేంత తేలిక పలక అది. అమెరికాలో జర్మనీ నుంచి వలస వచ్చిన సి.ఎఫ్. మార్టిన్ 1840లలో ఇంటూ గుర్తులా అడ్డంగా దాటే బద్దలు వాడటం మొదలుపెట్టాడు. అప్పటికి ఆయన గిటార్లకూ పేగు తీగలే. 1915 శాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శన తరవాత హవాయి సంగీతం మోజు అమెరికాను ఊపేసి, అందరూ స్టీలు తీగలు అడగడం మొదలైనప్పుడు, ఎనభై ఏళ్ల నాటి ఆ ఇంటూ గుర్తు ఆ బరువుకు చక్కగా అక్కరకొచ్చింది. నెక్ వంగకుండా లోపల సర్దుబాటు చేయగల ఉక్కు కడ్డీ పెట్టే పద్ధతికి గిబ్సన్ సంస్థలోని థాడియస్ మెక్‌హ్యూ పేటెంటు 1923లో వచ్చింది. నైలాన్ ఇంకా ఆలస్యం. రెండో ప్రపంచ యుద్ధంలో పేగు దారమంతా ఆపరేషన్ కుట్లకు పోతే, న్యూయార్క్‌లో ఆల్బర్ట్ అగస్టీన్ నైలాన్‌తో తీగలు చేశాడు. స్పెయిన్ గిటార్ విద్వాంసుడు సెగోవియా వాటిని వాయించాక అవి నిలబడ్డాయి.

మరి మొదటి నెల అంత బాగా ఎందుకు మోగింది? పలచటి పలకను స్టీలు తీగ సులువుగా కదిలిస్తుంది, నైలాన్ మింగేసే పైస్వరాలు స్టీలులో చాలాసేపు నిలుస్తాయి. అందుకే చెవికి అంత ఇంపుగా ఉంటుంది, పట్టుకున్నవాళ్లు వదలరు. నష్టం వెంటనే కనిపించకపోవడానికి కారణం చెక్క స్వభావం. పాత పెంకుటింటి దూలం ఏ ఒక్క రోజూ వంగినట్టు కనబడదు, ముప్పై ఏళ్ల తరవాత చూస్తే నడుము కిందికి దిగి ఉంటుంది. ఆగని బరువు కింద చెక్క నార మెల్లగా జరుగుతూ పోతుంది. గాలిలో తేమ పెరిగి తగ్గి, మళ్లీ పెరుగుతుంటే ఆ జరుగుడు వేగం పుంజుకుంటుంది. వానా ఉక్కా మారిమారి వచ్చే కాకినాడలో నాలుగు నెలలు చాలు.

ఇక చిలక్కొయ్యను కాపాడే ఉపాయం ఒకటి మన ఇంట్లోనే ఉంది. వీణను చూడండి. తీగలు గుర్రం (వీణ బ్రిడ్జ్) మీదుగా పోతాయి గానీ గుర్రానికి కట్టి ఉండవు. వాటిని లాగి పట్టుకునేది కుండ చివరనున్న నాగపాశం. మన చిలక్కొయ్య భాషలో చెప్పాలంటే, తాడును గోడ పైకొసన కట్టి, కొయ్య మీదుగా కిందికి వదిలినట్టు. ఇప్పుడు కొయ్యకు తిరగబడే బాధ లేదు, తాడు దాన్ని గోడకేసి నొక్కుతుందంతే. బొబ్బిలి వీణ తీగల్లో ఉక్కు ఉండి కూడా గుర్రం ఊడి రాదంటే, పనసకర్ర బలంతో పాటు నాగపాశం చలవ కూడా ఉంది. పాత అమెరికన్ చిన్న గిటార్లకు స్టీలు వేసినప్పుడు అడుగున నాగపాశంలా తీగలను పట్టుకునే ఇనప టెయిల్‌పీస్ బిగించేది ఇందుకే. తీగ గుర్రం దగ్గర పది డిగ్రీలు వంగితే 75 కిలోల్లో 13 కిలోలే పలకను నొక్కుతాయి. అయితే మీటినప్పుడు పలకకు అందే ఊపు మారిపోయి, శబ్దం కురచగా, బాంజోకు దగ్గరగా వస్తుంది. పైగా నెక్ మీద 75 కిలోలూ అలాగే ఉంటాయి, క్లాసికల్ గిటార్ నెక్‌లో సర్దుబాటు చేసే కడ్డీ మామూలుగా ఉండదు. కాబట్టి ఈ గిటార్‌కు నేను టెయిల్‌పీస్ సలహా ఇవ్వలేదు.

మరీ సన్నటి స్టీలు సెట్ వేసినా అరవై కిలోలు. అన్ని తీగలనూ ఒక స్వరం కిందికి దించితే ఐదో వంతు తగ్గి 48 అవుతుంది. నైలాన్ కన్నా ఇంకా ఎనిమిది ఎక్కువే.

ఆయనకు నేను రాసింది ఇంతే. ఈ రోజే తీగలన్నీ సమంగా వదులు చేయండి. పలచటి కాగితం ముక్క తీసుకుని బ్రిడ్జ్ వెనకఅంచు కింద దూర్చి చూడండి. దూరితే జిగురు విడుతోందన్నమాట, తీగలు వేయకుండా పనివాడి దగ్గరికి తీసుకెళ్లండి. దూరకపోతే రెండు వారాలు ఖాళీగా ఉంచి, తక్కువ టెన్షన్ నైలాన్ సెట్ వేయండి.

కాగితం దూరలేదట. పన్నెండో మెట్టు దగ్గర తీగ ఎత్తు స్టీలుతో 7 మిల్లీమీటర్లు ఉండేది, నైలాన్ వేసిన మూడు వారాలకు 5కు దిగిందని నిన్న రాశారు. ఒకప్పుడు అది 4 ఉండేదని వాళ్ల మేనమామ చెప్పారట. చెక్క జరిగినంత మేరా వెనక్కి రాదు, ఆ మిగిలిన ఒక్క మిల్లీమీటరు బ్రిడ్జ్ మీద తీగలు ఆనే ఎముక ముక్కను రెండు మిల్లీమీటర్లు అరగదీస్తే దిగుతుంది. ఎముక తగ్గితే తీగ పలకకు దగ్గరవుతుంది, చిలక్కొయ్య కూడా రెండు మిల్లీమీటర్లు పొట్టిదవుతుంది.