పోస్ట్‌గ్రెస్ కోడ్ ఫార్మాటింగ్: పీజీఇండెంట్ చుట్టూ అపోహలు - వాస్తవాలు

పోస్ట్‌గ్రెస్ అనే ఓపెన్‌సోర్స్ డేటాబేస్‌కి మొదటి ప్యాచ్, అంటే కోడు మార్పు, పంపేవాళ్లకు లాజిక్ కన్నా ముందు ట్యాబులూ స్పేసులూ అడ్డం పడతాయి. అక్కడి సీ కోడు దాదాపు అంతా, కోడు రూపాన్ని ఒకే తీరుకు తెచ్చే పీజీఇండెంట్ అనే పెర్ల్ స్క్రిప్టు గుండా వెళ్లాల్సిందే. నిజానికి లోపల పనిచేసేది పీజీ_బీఎస్‌డీ_ఇండెంట్. ఫ్రీబీఎస్‌డీ వాళ్ల ఇండెంట్ ప్రోగ్రామును ఈ ప్రాజెక్టు తన అవసరానికి మలుచుకుంది. ఇండెంట్‌కి ఇచ్చే ముందు స్క్రిప్టు కోడును కొంచెం సర్దుతుంది, తిరిగి వచ్చాక ఇంకొంచెం దిద్దుతుంది. ఇంత చిన్న ఏర్పాటు మీద ఎన్ని అపోహలు ఉన్నాయో చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. వాటిలో కొన్నింటి వల్ల నెలల తరబడి రాసిన ప్యాచ్‌లు మూలన పడతాయి.

అపోహ: ఇది స్పేసులు సర్దే పనిముట్టు, ఎవరి మెషిన్ మీద నడిపినా ఒకే ఫలితం వస్తుంది.

వాస్తవం: చేతిలో టైప్‌డెఫ్‌ల (సీలో డేటా టైపులకు పెట్టుకునే పేర్ల) జాబితా సరిగ్గా లేకపోతే రాదు. సీ భాషలో రెండు పేర్ల మధ్య నక్షత్రం గుర్తు కనిపిస్తే అది గుణకారమో పాయింటరో ఆ ఒక్క లైన్ చూసి చెప్పలేం. మొదటి పేరు టైపు అని తెలిస్తేనే అది పాయింటర్. కంపైలర్ హెడర్ ఫైళ్లన్నీ చదువుతుంది కాబట్టి దానికి తెలుసు. ఇండెంట్ ఒక్క హెడర్ కూడా తెరవదు, తన ముందున్న ఫైలు తప్ప దానికి లోకం లేదు. అందుకే సోర్సులో పీజీఇండెంట్ డైరెక్టరీలోనే టైప్‌డెఫ్స్ డాట్ లిస్ట్ అనే ఫైలు పెట్టారు. అందులో నాలుగు వేలకు అటూ ఇటుగా పేర్లు ఉంటాయి.

మీరు ప్యాచ్‌లో స్కాన్‌ముక్క అనే కొత్త స్ట్రక్ట్ టైపు పెట్టారనుకోండి. ఫంక్షన్ పారామీటర్‌ను మీరు ఇలా రాశారు:

స్కాన్‌ముక్క *ముక్క

పేరు జాబితాలో లేకుండా పీజీఇండెంట్ నడిపితే అది ఇలా మారుతుంది:

స్కాన్‌ముక్క * ముక్క

నక్షత్రానికి రెండు పక్కలా స్పేసు పడింది. పనిముట్టు దాన్ని గుణకారం అనుకుంది. రివ్యూ చేసేవాళ్లు ఈ ఒక్క స్పేసు చూసి, టైపు పేరు జాబితాలో చేర్చలేదని వెంటనే పట్టేస్తారు. ఇలా వచ్చిన స్పేసును చేత్తో చెరిపేయడం దండగ, తర్వాతి రన్‌లో మళ్లీ వస్తుంది. కొత్త టైపు పేరును అదే ప్యాచ్‌లో, జాబితాలో అక్షరక్రమం ప్రకారం దాని చోట చేర్చి, పీజీఇండెంట్‌ను మళ్లీ నడపాలి.

ఇదే జబ్బు తిరగేసి కూడా వస్తుంది. ఈసీపీజీకి (సీ కోడులో రాసిన ఎస్‌క్యూఎల్‌ను మామూలు సీగా మార్చే పోస్ట్‌గ్రెస్ భాగానికి) చెందిన హెడర్లలో డేట్, టైమ్‌స్టాంప్, ఇంటర్వల్ అనేవి నిజంగానే టైపు పేర్లు. మిగతా సోర్సులో అవే పేర్లు మామూలు వేరియబుల్స్‌గా ఎక్కడపడితే అక్కడ ఉంటాయి. వాటిని టైపులుగా లెక్కగడితే ఎక్స్‌ప్రెషన్ల రూపం చెడిపోతుంది. అందుకని అలాంటి పేర్లను పట్టించుకోవద్దని స్క్రిప్టులోనే విడిగా రాసి ఉంచారు.

జాబితాను మీ ల్యాప్‌టాప్‌లో తయారు చేసుకుందామన్నా కుదరదు. విండోస్‌లో మాత్రమే కంపైల్ అయ్యే టైపులు లైనక్స్ బిల్డ్‌లో కనిపించవు. అందుకే రకరకాల ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద పోస్ట్‌గ్రెస్‌ను ఎప్పటికప్పుడు బిల్డ్ చేసి పరీక్షించే బిల్డ్‌ఫార్మ్ మెషిన్లు తమ బైనరీల డీబగ్ సమాచారంలోంచి టైపు పేర్లు ఏరి పంపుతాయి, అవన్నీ ఒకచోట కలుస్తాయి. ఈ పద్ధతిలోనూ ఒక కంత ఉంది. టైపును ప్రకటించి, దానితో వేరియబుల్ గానీ ఫీల్డు గానీ ఎక్కడా ప్రకటించకపోతే, ఆ పేరు డీబగ్ సమాచారంలోకే రాదు, కాబట్టి జాబితాలోకీ రాదు. అలాంటివి మనిషే గమనించి చేర్చాలి.

అపోహ: 79 కాలమ్‌లు దాటిన లైన్లను అదే విరగ్గొడుతుంది.

వాస్తవం: కోడ్ లైన్లను అది విరగ్గొట్టదు. పీజీఇండెంట్ తన ఇండెంట్‌కు ఇచ్చే 79 అనే హద్దు ముఖ్యంగా కామెంట్లను పేర్చడానికి పనికొస్తుంది. 200 అక్షరాల ఇఫ్ షరతు రాస్తే 200 అక్షరాలుగానే ఉంటుంది, దాన్ని ఎక్కడ విరవాలో మీరే తేల్చుకోవాలి. ఎర్రర్ మెసేజ్ స్ట్రింగ్ మాత్రం హద్దు దాటినా సరే విరవకూడదు. యూజర్ పంపిన మెసేజ్‌ను సోర్సులో గ్రెప్‌తో వెతికితే ఒకే లైన్‌లో దొరకాలి.

కామెంట్ల విషయంలో మాత్రం దానికి చొరవ ఎక్కువ. లోపలికి జరిగి ఉన్న బ్లాక్ కామెంట్‌లో మీరు చిన్న పట్టికో, బాణాలతో పేజీ లేఅవుట్ బొమ్మో గీశారంటే, ఆ లైన్లన్నీ కలిపి ఒక పేరాగా పోసేస్తుంది. బొమ్మ పోతుంది. దీనికి మందు ఒక్కటే: కామెంట్ మొదలయ్యే /* గుర్తు పక్కనే గీతలు పెట్టి /*---------- అని మొదలుపెట్టండి. అప్పుడు లోపలి అమరికను ముట్టుకోదు. ఫైల్‌లో మొదటి కాలమ్ నుంచే మొదలయ్యే కామెంట్లను, అంటే ఫంక్షన్ పైన రాసే వివరణల్లాంటివాటిని, ఎలాగూ ముట్టుకోదు.

అపోహ: క్లాంగ్-ఫార్మాట్ అనే మరో ఫార్మాటింగ్ పనిముట్టు పెట్టేస్తే ఈ తంటా అంతా వదులుతుంది.

వాస్తవం: ఇది నిజాయితీగా అడిగే ప్రశ్నే. టైప్‌డెఫ్ జాబితా మోసుకు తిరగడం ఎవరికీ సరదా కాదు. కానీ వేరియబుల్ పేర్లను ప్రకటనలో 12వ కాలమ్‌కు తోయడం, విడి లైన్ మీద బ్రేస్, ట్యాబుకు 4 కాలమ్‌లు, ఇలాంటి అలవాట్లన్నీ కలిసిన రూపాన్ని అచ్చు గుద్దినట్టు మరో పనిముట్టుతో రాబట్టడం అంత తేలిక కాదు. తేడా లైనుకు ఒక్క స్పేసే అయినా సోర్సంతా మారినట్టే. క్లాంగ్-ఫార్మాట్ వెర్షన్ మారినా ఫలితం మారుతుంది కాబట్టి దాన్నీ ఒకే వెర్షన్‌కు కట్టేయాలి. పైగా అది ఇంక్లూడ్‌లను సార్ట్ చేయగలదు. పోస్ట్‌గ్రెస్ బ్యాకెండ్ ఫైల్‌లో పోస్ట్‌గ్రెస్ డాట్ హెచ్ అన్నిటికన్నా ముందు ఉండి తీరాలి. విండోస్ హెడర్లలో కూడా విన్‌సాక్2 అనేది విండోస్ డాట్ హెచ్ కన్నా ముందు రావాలి. ఈ వరస తప్పితే కంపైలే కాకపోవచ్చు. పీజీఇండెంట్ ఇంక్లూడ్‌ల జోలికి పోదు, ఈ కోడుకు అది మేలే.

వెర్షన్ గొడవ పెర్ల్ ఫైళ్లకూ ఉంది. వాటిని సర్దడానికి వాడే పెర్ల్‌టైడీ 20230309 వెర్షనే ఉండాలని పీజీఇండెంట్ రీడ్‌మీలో రాసి ఉంటుంది. మీ డిస్ట్రోలో వచ్చిన కొత్త పెర్ల్‌టైడీ నడిపితే మీరు తాకని స్క్రిప్టులు కూడా డిఫ్‌లోకి వచ్చి కూర్చుంటాయి. సీ వైపు ఈ బాధ 2023లో తగ్గింది. అప్పటివరకు వేరే రిపాజిటరీలో ఉన్న పీజీ_బీఎస్‌డీ_ఇండెంట్‌ను ఆ ఏడాది ప్రధాన సోర్సులోకే తెచ్చారు. ఏ కమిట్‌కు ఏ ఇండెంట్ వాడాలన్నది ఇప్పుడు ఆ కమిట్‌లోనే ఉంది.

అపోహ: ఫైల్‌లో పాత చెత్త కనిపిస్తే నా ప్యాచ్‌తో పాటే ఊడ్చేస్తే మంచిది.

వాస్తవం: మంచిది కాదు. ప్యాచ్‌లో మీ పనికి సంబంధం లేని ఒక్క లైన్ కదిలినా, చదివేవాళ్లు అది ఎందుకు కదిలిందో ఆలోచించాలి. 2023 నుంచి మాస్టర్ (ప్రధాన బ్రాంచ్) ఎప్పుడూ ఇండెంట్ అయ్యే ఉండాలన్న కట్టుబాటు ఉంది. కోయెల్ అనే బిల్డ్‌ఫార్మ్ మెషిన్ కాపలా కాస్తుంది, ఎవరైనా కమిటర్ మరిచిపోతే అది ఎర్రగా చూపిస్తుంది. కాబట్టి ఊడ్చే పని మీకు అంతగా మిగలదు. మీ కమిట్ తాకిన ఫైళ్లకే నడపడానికి కమిట్ ఆప్షన్ ఉంది. ఏమీ రాయకుండా తేడా చూడ్డానికి డిఫ్, తేడా ఉంటే ఎర్రర్ స్టేటస్‌తో బయటికి రావడానికి చెక్. వెర్షన్ 17 సోర్సు నుంచి ఈ రెంటినీ కలిపి వాడొచ్చు, అంతకు ముందు వాటి పేర్లు వేరు.

సోర్సంతటికీ పీజీఇండెంట్ నడిపే పెద్ద ఊడ్పు సాధారణంగా ఏడాదికి ఒకసారి, కొత్త స్టేబుల్ బ్రాంచ్ చీలకముందు జరుగుతుంది. ఎందుకు ముందే? ఒక్కో మేజర్ వెర్షన్‌కు ఐదేళ్ల మద్దతు. బగ్ దిద్దినప్పుడల్లా మాస్టర్ నుంచి పాత బ్రాంచ్‌లన్నిటికీ బ్యాక్-ప్యాచ్ వెళ్లాలి. చీలాక మాస్టర్‌లో మాత్రమే ఊడిస్తే, ఆ ఐదేళ్లూ ప్రతి దిద్దుబాటుకూ కాన్ఫ్లిక్ట్ పొంచి ఉంటుంది.

2017 జూన్‌లో పీజీ_బీఎస్‌డీ_ఇండెంట్ 2.0కి మారినప్పుడు చేసిన తీరు చూడదగ్గది. ఒక్క దెబ్బలో కాకుండా మూడు కమిట్‌లుగా చేశారు: మొదట కొత్త వెర్షన్ సహజంగా తెచ్చే మార్పులు, తర్వాత కోడ్ పక్కన కుడివైపు ఉండే కామెంట్ల చోటు, చివరగా బ్రాకెట్ లోపలి కొనసాగింపు లైన్లు హద్దు దాటినా ఎడమకు జరపకుండా ఉంచడం. ఒక్కో కమిట్‌లో ఒకే రకం మార్పు ఉంది కాబట్టి, అక్కడక్కడా నమూనా చూసినా ఏం జరిగిందో అర్థమవుతుంది.

అపోహ: పెద్ద రన్ జరిగితే పెండింగ్ ప్యాచ్‌లు గోవిందా.

వాస్తవం: మామూలుగా రీబేస్ చేస్తే, అంటే మీ మార్పును కొత్త కోడు మీద మళ్లీ పేరిస్తే, అలాగే అనిపిస్తుంది. ముందుగా, మీ బ్రాంచ్‌లోని కమిట్‌లను ఒకటిగా కలిపి, పాతదాని కాపీ దాచుకోండి. తర్వాత ఈ వరసలో వెళ్లండి.

ఆ పెద్ద రన్ ఫలితం చేరిన ఇండెంట్ కమిట్ ఏదో పట్టుకుని, దానికి సరిగ్గా ముందున్న కమిట్ మీదికి రీబేస్ చేయండి. ఇక్కడ వచ్చే కాన్ఫ్లిక్ట్‌లు కోడువి, ఫార్మాటింగ్‌వి కావు. వాటిని చేత్తో తీర్చక తప్పదు. తర్వాత ఇండెంట్ కమిట్‌లో ఉన్న స్క్రిప్టు, టైప్‌డెఫ్ జాబితా, పీజీ_బీఎస్‌డీ_ఇండెంట్ తీసుకుని, జాబితాకు మీ కొత్త టైపులు కలిపి, మీ ప్యాచ్ తాకిన ఫైళ్లకు నడిపి కమిట్ చేయండి. ఇప్పుడు ఆ ఫైళ్లలో ఉన్నది ఊడ్చిన కోడు, దానికి తోడు మీ మార్పు. ఇండెంట్ కమిట్ దగ్గర కొత్త బ్రాంచ్ తీసి, గిట్ రిస్టోర్‌తో ఆ ఫైళ్లను మాత్రమే ఇందులోకి తెచ్చుకోండి. ఇండెంట్ కమిట్‌తో డిఫ్ తీస్తే మీ మార్పు తప్ప ఇంకేమీ కనపడకూడదు. కనపడితే వెర్షనో జాబితానో తేడా వచ్చిందని అర్థం. అక్కడి నుంచి ఇవాళ్టి మాస్టర్ మీదికి మామూలు రీబేస్.

అపోహ: ఏ లైన్‌ను ఎవరు రాశారో చూపే గిట్ బ్లేమ్ నాశనమవుతుంది.

వాస్తవం: 2019లో వచ్చిన గిట్ 2.23 దీనికి దారి చూపింది. సోర్సు మూలంలో డాట్ గిట్-బ్లేమ్-ఇగ్నోర్-రెవ్స్ అనే ఫైల్‌లో ఇండెంట్ కమిట్‌ల పూర్తి హ్యాష్‌లు ఉంటాయి. గిట్ కాన్ఫిగ్‌లో బ్లేమ్ డాట్ ఇగ్నోర్‌రెవ్స్‌ఫైల్‌కు ఆ పేరు ఒక్కసారి ఇస్తే చాలు, బ్లేమ్ వాటిని దాటి అసలు రాసినవాళ్ల దగ్గరికి వెళ్తుంది. చాలామంది ఈ ఒక్క లైన్ పెట్టుకోకుండానే హిస్టరీ పోయిందని బాధపడతారు. కమిట్ తన హ్యాష్‌ను తనలోనే రాసుకోలేదు కాబట్టి, ఆ నమోదు వెనకాలే మరో కమిట్‌గా వస్తుంది. అందుకే ఇండెంట్ కమిట్‌లో వేరే ఏ మార్పూ కలపకూడదు. కలిపితే ఆ మార్పు కూడా బ్లేమ్‌లో మరుగున పడుతుంది.

అపోహ: స్పేసులే కదా మారింది, టెస్టులు ఎందుకు?

వాస్తవం: అసెంబ్లీ ఉన్న ఎస్_లాక్ డాట్ హెచ్, అటామిక్స్ హెడర్లు, సీ++ కలిసిన ఎల్ఎల్‌వీఎమ్‌జిట్ హెడర్, బయటి నుంచి తెచ్చుకున్న స్నోబాల్ స్టెమ్మర్లు, ఇవన్నీ పీజీఇండెంట్ మినహాయింపుల్లో ఉండటానికి కారణమే అది వాటిని పాడు చేస్తుందని, లేదా అవి మన చేతిలోవి కావని. ఈసీపీజీ టెస్టులు మినహాయింపులో ఉండటానికి కారణం ఇంకా సూటిగా ఉంటుంది: అక్కడ ఆశించే ఫలితమే సీ ఫైలు, దాన్ని సర్దితే టెస్ట్ ఫెయిల్. కాబట్టి పెద్ద రన్ తర్వాత మేక్ క్లీన్, పూర్తి బిల్డ్, టెస్టులన్నీ నడిపే మేక్ చెక్-వరల్డ్ తప్పవు.

ఆబ్జెక్ట్ ఫైళ్లు ముందూ వెనకా పోల్చి చూడటం మంచి అలవాటే. కాకపోతే బైట్ బైట్ సరిపోతుందని ఆశించకండి. ఎర్రర్ మెసేజ్‌లు పంపే ఈరిపోర్ట్, ఈలాగ్ మాక్రోలు లైన్ నంబరును కోడులోకే ఎక్కిస్తాయి. ఒక కామెంట్ ఒక లైన్ పెరిగితే దాని కింది నంబర్లన్నీ మారతాయి. డీబగ్ సమాచారం, అసర్ట్‌లు ఆపి బిల్డ్ చేసి, డిస్‌అసెంబ్లీలో మిగిలిన తేడాలు ఆ నంబర్లేనా అని చూడండి.

అపోహ: ఇదంతా కోర్ కోడుకే, ఎక్స్‌టెన్షన్ రాసేవాళ్లకు పనికిరాదు.

వాస్తవం: భేషుగ్గా పనికొస్తుంది. కోర్ జాబితాను ముట్టుకోకుండా, మీ టైపు పేర్లను లిస్ట్-ఆఫ్-టైప్‌డెఫ్స్ ఆప్షన్‌లో స్పేసులతో విడదీసి ఇవ్వండి. అంతకుముందు పీజీ_బీఎస్‌డీ_ఇండెంట్‌ను బిల్డ్ చేసి పాత్‌లో పెట్టుకోవాలి. గ్నూ ఇండెంట్ దీనికి బదులు కాదు.