గ్రూపు పెట్టగానే టీమ్ అయిపోతుందా? కొన్ని అపోహలు - వాస్తవాలు

ఎర్రగుంట్ల, తాడిపత్రి వైపు ఫ్యాక్టరీల్లో సూపర్‌వైజర్లకు, ఇంజనీర్లకు టీమ్‌వర్క్ మీద శిక్షణ ఇవ్వడం నా పని. ఎక్కడికి పోయినా ఎవరో ఒకరు ఫోన్ చూపించి "మాకు గ్రూపు ఉంది సార్, ఏ ప్రాబ్లమూ లేదు" అంటారు. తెరిచి చూస్తే గుడ్ మార్నింగ్ పూలు, పెద్దసారు పుట్టినరోజు కేకు, వాటి మధ్య ఎక్కడో ఆగిపోయిన మెషిన్ ఫొటో ఒకటి, దాని కింద ఎవరి జవాబూ ఉండదు.

అపోహ: మంచి యాప్ కొంటే చాలు.

వాస్తవం: కంపెనీ ఉద్యోగులు తమలో తాము మాట్లాడుకోవడానికి 2008లో మొదలైన యామర్ అనే యాప్‌ను మైక్రోసాఫ్ట్ 2012లో 120 కోట్ల డాలర్లకు కొన్నది. ఇప్పుడు దాని పేరు వీవా ఎంగేజ్. ఫేస్‌బుక్ 2016లో తెచ్చిన అలాంటిదే ఇంకో యాప్ వర్క్‌ప్లేస్‌ను మూసేస్తామని మెటా (ఫేస్‌బుక్ కంపెనీకి ఇప్పటి పేరు) 2024లో ప్రకటించింది. యాప్‌లు ఇలా వస్తుంటాయి, పోతుంటాయి. లాగ్‌బుక్‌లో "ఆల్ ఓకే" అని రాసి సంతకం గీకి ఇంటికి పోయే మనిషి, ఎంత ఖరీదైన యాప్ ఇచ్చినా అందులోనూ "ఆల్ ఓకే" అనే రాస్తాడు.

అపోహ: మన డిపార్ట్‌మెంట్ వాళ్లం మాట్లాడుకుంటే సరిపోతుంది.

వాస్తవం: అసలు లాభమంతా బయటివాళ్లతోనే. రోజూ కలిసి టీ తాగేవాళ్లకు తెలిసిన సంగతులు దాదాపు ఒకటే, కొత్త కబురు అంతగా పరిచయం లేనివాళ్ల నుంచే వస్తుందని మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లోనే రాశాడు. రాత్రి షిఫ్ట్‌లో ఫ్యాన్ బేరింగ్ వేడెక్కుతోందనుకోండి. మనవాళ్లు ముందు చేసే పని ఇంకాస్త గ్రీజు కొట్టడం. గ్రీజు ఎక్కువైనా బేరింగ్ వేడెక్కుతుందన్న సంగతి, ఇంకో సెక్షన్‌లో ఎప్పుడో ఆ దెబ్బ తిన్న ఫిట్టర్‌కు తెలుసు. కానీ మనకు ఆయన పేరు కూడా తెలియదు. అందరికీ కనబడేచోట ప్రశ్న పెడితే "ఆగన్నా, కొట్టొద్దు" అని ఆయనే చెప్తాడు, అదే విషయాన్ని ఇద్దరి మధ్య ఫోన్‌కాల్‌లో తేల్చేసుకుంటే మూడోవాడికి వచ్చే నెల మళ్లీ అదే తిప్పలు.

అపోహ: అందరూ రాయకపోతే గ్రూపు చచ్చినట్టే.

వాస్తవం: కాదు. ఎక్కడైనా రాసేవాళ్లు కొద్దిమంది, చదివేవాళ్లే ఎక్కువ. చదివి పని చక్కబెట్టుకుంటే చాలు, లైకులు లెక్కపెట్టి హెచ్ఆర్‌కు రిపోర్టు పంపడం మానేయండి.

అపోహ: గ్రూపులో సమస్యలు కనబడటం లేదంటే టీమ్ బాగున్నట్టే.

వాస్తవం: నాకైతే అక్కడే అనుమానం వస్తుంది. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990ల్లో అమెరికా ఆసుపత్రుల్లో నర్సుల బృందాలను పరిశీలిస్తే, బాగా పనిచేసే బృందాల్లోనే పొరపాట్లు ఎక్కువగా నమోదైనట్టు తేలింది. వాళ్లు ఎక్కువ తప్పులు చేస్తున్నారని కాదు, భయం లేకుండా బయటికి చెప్తున్నారన్నది ఆమె వివరణ. మన దగ్గర ఫొటో పెట్టీ పెట్టకముందే మేనేజర్ నుంచి "ఎవడు చేసింది ఇది?" అని వస్తుంది. ఒక్కసారి ఆ మాట పడిందంటే మళ్లీ ఎవరూ నోరు తెరవరు. మేనేజర్లకు నేను చెప్పేది ఒకటే: వారానికి ఒక్కసారైనా మీకు నిజంగా తెలియని సంగతి గ్రూపులో అడగండి, ఫిట్టర్ జవాబిస్తే అక్కడే అందరి ముందు థ్యాంక్స్ చెప్పండి. చాలామందికి ఇదే కష్టం, టెన్షన్ పడతారు, పరువు పోతుందని.

అపోహ: వాట్సాప్ ఉండగా వేరేది ఎందుకు?

వాస్తవం: చిన్న టీమ్‌కు అదే చాలు. కాకపోతే ఉద్యోగం మానేసినవాడిని గ్రూపు నుంచి తీసేసినా పాత ఫొటోలు, లెక్కలు అతని ఫోన్‌లో ఉండిపోతాయి. కంపెనీ యాప్‌లో అయితే లాగిన్ ఆపేయొచ్చు. దానికీ ఒక చిక్కు ఉంది. కంపెనీ మెయిల్ ఐడీ ఉంటేనే లోపలికి రానిస్తామంటే ప్యాకింగ్, లోడింగ్ దగ్గరుండే కాంట్రాక్ట్ వాళ్లు బయటే ఉండిపోతారు, మెషిన్‌లో తేడా వస్తే ముందు పసిగట్టేది వాళ్లే. వాళ్లకూ లాగిన్ ఇప్పించండి. ఇంగ్లిష్‌లోనే రాయాలన్న రూలు తీసేసి తెలుగులో వాయిస్ మెసేజ్ పెట్టమనండి, షిఫ్ట్ ఇన్‌చార్జ్ దాని కింద రెండు లైన్లు టైపు చేసి పెడితే రేపు వెతికినప్పుడు దొరుకుతుంది.