ఆర్ స్క్వేర్ 0.999 వస్తే ఫలితం సరైనదేనా? ప్రయోగశాలలో కొన్ని అపోహలు - వాస్తవాలు

పరిశ్రమల వ్యర్థజలాలను పరీక్షించే ప్రయోగశాలలో పనిచేస్తున్న నాకు, కొత్తగా చేరిన కెమిస్టుల నుంచీ, చేతిలో నివేదిక పట్టుకొని ఆందోళనతో వచ్చే చిన్న పరిశ్రమల వారి నుంచీ పదేపదే వినబడే మాట ఒకటుంది: "ఆర్ స్క్వేర్ 0.999 వచ్చింది కదండీ, ఇంక రిజల్టులో తప్పేముంటుంది?" మిగతా అపోహలన్నీ కలిసి చేసే నష్టం కంటే ఈ ఒక్క నమ్మకం చేసే నష్టమే ఎక్కువ కనుక, దీని సంగతి వివరంగా చెప్పి, మిగిలినవాటిని క్లుప్తంగా ముగిస్తాను.

అపోహ: ఆర్ స్క్వేర్ 1కి దగ్గరగా ఉంటే క్యాలిబ్రేషన్ బాగున్నట్టే.

వాస్తవం: సాంద్రత ముందే తెలిసిన ద్రావణాలను (స్టాండర్డులను) కొలిచి, ఆ కొలతలకు ఒక గీత గీసి, తెలియని నమూనా సాంద్రతను ఆ గీత మీద చదవడమే క్యాలిబ్రేషన్. ద్రావణం ఎంత కాంతిని పీల్చుకుందో చెప్పే కొలత అబ్జార్బెన్స్. స్టాండర్డుల అబ్జార్బెన్స్‌లో కనిపించే మొత్తం హెచ్చుతగ్గుల్లో ఎంత భాగాన్ని ఆ సరళరేఖ వివరించగలిగిందో మాత్రమే ఆర్ స్క్వేర్ చెబుతుంది. పై స్టాండర్డు కింది స్టాండర్డుకు పది రెట్లు ఉన్నప్పుడు ఆ హెచ్చుతగ్గులు ఎలాగూ పెద్దవే కాబట్టి, బిందువులు గీత నుంచి తప్పిన దూరం వాటి ముందు లెక్కకు రానంత చిన్నదవుతుంది. ఆ చిన్న దూరమే కింది స్టాండర్డు దగ్గర పదో వంతు తప్పుగా మారవచ్చు.

హెక్సావాలెంట్ క్రోమియం (క్రోమియంలో ఒక విషపూరిత రూపం) పరీక్షనే తీసుకుందాం. ఆమ్ల ద్రావణంలో డైఫినైల్ కార్బజైడ్ అనే రసాయనం కలిపి, వచ్చిన ఎరుపు-ఊదా రంగును 540 నానోమీటర్ల దగ్గర కొలుస్తాం; నదులు, చెరువుల వంటి ఉపరితల జలాల్లోకి వదిలే వ్యర్థజలానికి మన దేశంలో ఉన్న సాధారణ పరిమితి లీటరుకు 0.1 మిల్లీగ్రాము. లెక్క కోసం నేను కూర్చుకున్న అంకెలివి: లీటరుకు 0.1, 0.2, 0.4, 0.6, 0.8, 1.0 మిల్లీగ్రాముల స్టాండర్డులకు అబ్జార్బెన్స్ వరుసగా 0.079, 0.157, 0.307, 0.451, 0.589, 0.720. వీటిని ఎక్సెల్‌లో వేసి సరళరేఖ గీయించండి. ఆర్ స్క్వేర్ 0.9992 వస్తుంది, గీత కూడా చూడముచ్చటగా ఉంటుంది. ఇప్పుడు అదే సమీకరణంలో మొదటి స్టాండర్డు అబ్జార్బెన్స్ 0.079ని తిరిగి వేస్తే 0.1 రావలసిన చోట 0.089 వస్తుంది, అంటే దాదాపు 11 శాతం తక్కువ. అబ్జార్బెన్స్ సున్నా ఉన్న బ్లాంకుకు (క్రోమియం కలపని ద్రావణానికి) లీటరుకు మైనస్ 0.02 మిల్లీగ్రాముల క్రోమియం ఉన్నట్టు తేలుతుంది. నిజంగా 0.105 ఉండి పరిమితి దాటిన నమూనా ఈ గీత మీద 0.095గా నమోదై, ఏ అభ్యంతరమూ లేకుండా గట్టెక్కుతుంది.

కారణం ఆర్ స్క్వేర్‌లో కనబడదు, రెసిడ్యువల్స్‌లో, అంటే ఒక్కో బిందువు గీత నుంచి తప్పిన దూరాల్లో, కనబడుతుంది. ప్రతి బిందువు గీతకు పైన ఉందో కింద ఉందో వరుసగా రాస్తే కింద, కింద, పైన, పైన, పైన, కింద అని వస్తుంది. యాదృచ్ఛికమైన తప్పులు ఇలా బారులు తీరి నిలబడవు. ఇది వంగిన రేఖ మీద బలవంతంగా సరళరేఖను గీసిన గుర్తు. ఫ్రాన్సిస్ ఆన్‌స్కోంబ్ అనే గణాంక శాస్త్రవేత్త 1973లోనే పదకొండేసి బిందువులున్న నాలుగు డేటా సమూహాలను ప్రచురించి, నాలుగింటికీ ఒకే సగటులు, ఒకే సరళరేఖ, ఒకే 0.816 కోరిలేషన్ (రెండు రాశుల మధ్య సంబంధం ఎంత గట్టిదో చెప్పే అంకె) వచ్చినా, గ్రాఫు గీస్తే వాటిలో ఒకటి స్పష్టంగా వంగిన రేఖ అని చూపించారు. యాభై ఏళ్లు దాటినా మన రికార్డు పుస్తకాల్లో ఆర్ స్క్వేర్ కిందనే ఎర్ర సిరాతో గీత పడుతోంది, రెసిడ్యువల్ గ్రాఫుకు మాత్రం చోటు ఉండటం లేదు.

ఎలక్ట్రోప్లేటింగ్ యూనిట్ నడిపే ఒక పెద్దాయన ఒకే రోజు తీసిన నమూనాకు రెండు ప్రయోగశాలలు ఇచ్చిన నివేదికలతో మా దగ్గరికి వచ్చారు. ఒకదానిలో పరిమితికి లోపల, మరొకదానిలో పరిమితికి కాస్త పైన. "ల్యాబ్ మారిస్తే రిజల్టు మారుతుంది, అంతా సర్దుబాటే" అని పక్క యూనిట్ వాళ్లు చెప్పిన మాట అప్పటికే ఆయన మనసులో నాటుకుపోయింది. ఇలాంటి పుకార్లను నేను ఓర్పుతో వినలేను, ఎందుకంటే అవి నిజమైన కారణాన్ని వెతకనివ్వవు. కానీ యూనిట్‌కు తాళం పడుతుందేమోనన్న ఆయన భయాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోలేకపోయాను. తక్కువ చూపిన ప్రయోగశాల కెమిస్టు ఏ దాపరికమూ లేకుండా తన క్యాలిబ్రేషన్ షీటు పంపించాడు. అక్కడ మోనోక్రోమేటర్ (కాంతిలోంచి ఒక్క సన్నని తరంగదైర్ఘ్యాన్ని వేరుచేసే భాగం) లేని పాత ఫిల్టర్ కలరీమీటర్ వాడుతున్నారు. ఫిల్టరు గుండా వెడల్పైన తరంగదైర్ఘ్యాల పట్టీ వెళుతుంది కాబట్టి, సాంద్రత పెరిగేకొద్దీ బీర్ నియమం (అబ్జార్బెన్స్ సాంద్రతకు అనులోమంగా పెరుగుతుందన్న సూత్రం) నుంచి పక్కకు తప్పుకొని రేఖ వంగుతుంది. ఆ అబ్బాయి అంకెలు కూడా దాదాపు పైన చెప్పిన పద్ధతిలోనే వంగి ఉన్నాయి. ఎవరూ ఏదీ సర్దలేదు, ఎవరూ స్టాండర్డులను తిరిగి లెక్కించి చూడలేదు, అంతే.

చేయవలసిన పని పెద్దదేమీ కాదు. ప్రతి స్టాండర్డు సాంద్రతనూ ఆ సమీకరణంతోనే తిరిగి లెక్కించి, అసలు విలువతో తేడాను శాతంలో రాయాలి, రెసిడ్యువల్స్ గ్రాఫు గీయాలి, పరిమితి 0.1 అయినప్పుడు స్టాండర్డులను 1.0 దాకా లాగకుండా 0.1కి అటూ ఇటూ దగ్గరగా పెట్టుకొని, అబ్జార్బెన్స్ చాలకపోతే 5 సెంటీమీటర్ల సెల్ (కాంతి అంత దూరం ద్రావణం గుండా వెళ్లే పాత్ర) వాడాలి. ఇలా చేస్తే ఆర్ స్క్వేర్ కొంచెం తగ్గవచ్చు. తగ్గనివ్వండి. ఔషధ రంగంలో చాలామంది తలచుకొని భయపడే ఐసీహెచ్ క్యూ2 మార్గదర్శకం (పరీక్షా పద్ధతులను ధ్రువీకరించడానికి ఐసీహెచ్ అనే అంతర్జాతీయ సంస్థ ఇచ్చినది) లీనియారిటీకి, అంటే కొలతలు సరళరేఖలో ఉన్నాయని చూపడానికి, కనీసం 5 సాంద్రతలు ఉండాలని సూచిస్తుంది గాని, ఆర్ స్క్వేర్ 0.999 దాటి తీరాలని ఎక్కడా అంకె కట్టదు. 0.997 వచ్చిందని వణికిపోయి ఒక బిందువును తీసేసే పిల్లలు ఈ సంగతి తెలుసుకుంటే సగం భయం తీరుతుంది.

ఇక మిగిలినవి. పరికరం అబ్జార్బెన్స్ 3 దాకా చూపిస్తుంది కాబట్టి 3 దాకా కొలవవచ్చనుకోవడం తప్పు: 0.1 శాతం స్ట్రే లైట్ (పరికరంలో దారితప్పి డిటెక్టరును చేరే అనవసరపు కాంతి) ఉన్నా చాలు, నిజమైన అబ్జార్బెన్స్ 2 ఉన్న ద్రావణం 1.96గానూ, 3 ఉన్నది 2.70గానూ కనిపిస్తుంది. ఆర్‌ఎస్‌డీ (రీడింగులు ఒకదానికొకటి ఎంత తేడాగా ఉన్నాయో శాతంలో చెప్పే అంకె) తక్కువగా ఉంటే ఫలితం నిజమనుకోవడమూ అంతే. లీటరుకు 141.4 మిల్లీగ్రాముల పొటాషియం డైక్రోమేట్ కరిగించి 50 మిల్లీగ్రాముల క్రోమియం స్టాక్ (స్టాండర్డులన్నింటికీ మూలమైన ద్రావణం) చేయవలసిన చోట తూకంలో పొరపాటు జరిగితే, ఆరు రీడింగులూ ఒకదానితో ఒకటి చక్కగా ఏకీభవిస్తూ ఆరూ తప్పుతాయి. అందుకే వేరే స్టాక్ నుంచి చేసిన చెక్ స్టాండర్డు (సరిచూసుకోవడానికి వాడే ద్రావణం) కావాలి.

మూడు రీడింగుల్లో ఒకటి దూరంగా ఉంటే కొట్టేయవచ్చన్నది మరొకటి. 0.095, 0.096, 0.104 వచ్చాయనుకోండి, దూరంగా ఉన్న రీడింగుకు డిక్సన్ క్యూ విలువ (పక్క రీడింగుతో ఉన్న తేడాను మొత్తం రీడింగుల వ్యాప్తితో భాగిస్తే వచ్చేది) 0.89. మూడు రీడింగులకు 90 శాతం నమ్మకంతో దాటవలసినది 0.94 కాబట్టి దాన్ని తీసేయడానికి వీల్లేదు. మూడింటినీ ఉంచుకొని, గిన్నెస్ కంపెనీలో పనిచేస్తూ 'స్టూడెంట్' పేరుతో విలియం గాసెట్ 1908లో ప్రతిపాదించిన టీ పద్ధతిలో లెక్కిస్తే 95 శాతం నమ్మకంతో 0.098కి అటూ ఇటూ 0.012 వస్తుంది. పరిమితి 0.1 ఆ హద్దుల లోపలే పడుతోంది కనుక, ఈ నమూనా పాసైందనిగాని ఫెయిలైందనిగాని రాయకుండా, తక్కువ సాంద్రతల స్టాండర్డులతో కొత్త క్యాలిబ్రేషన్ తీసి, మరిన్ని రీడింగులతో పరీక్షను తిరిగి చేయాలి.